‘నింటెండో వరల్డ్ కప్’ ఫుట్‌బాల్ వీడియో గేమ్: ఒక కృతి, మూడు పాఠాలు

వ్యాస సంగ్రహం:
1990 మే నెలలో జపాన్‌లో వెలువడిన ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్ అదే ఏడాది డిసెంబరులో ‘నింటెండో వరల్డ్ కప్’ అనే పేరుతో అమెరికాకు చేరింది. ఈ ప్రయాణంలో ఉన్నత పాఠశాల విద్యార్థుల కథ దేశాల మధ్య పోటీగా మారింది. తర్వాతి సంవత్సరాల్లో ఈ కోవకు చెందిన ఆటలు అనుకరణ యంత్రాల ద్వారా తిరుపతి, చిత్తూరు వంటి దక్షిణ రాయలసీమ పట్టణాలకు వచ్చినప్పుడు మూడో రూపం పొందాయి. ఈ మూడు రూపాలను ఒకే కృతికి చెందిన పాఠాంతరాలుగా భావించి, పాఠం నుంచి పాఠానికి మారినదేమిటో, యంత్ర పరిమితులు ఆట నియమాలను ఎలా నిర్ణయించాయో, మూడో పాఠాన్ని నమోదు చేయవలసిన అవసరం ఎందుకుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: వీడియో గేమ్, ఫుట్‌బాల్, పాఠాంతరం, అనువాదం, క్యాసెట్, దక్షిణ రాయలసీమ, బాల క్రీడలు.

1. ప్రవేశిక:

తెలుగులో ఆటల అధ్యయనం ప్రధానంగా జానపద విజ్ఞాన పరిధిలో సాగింది. చెమ్మచెక్క, కోతికొమ్మచ్చి, బిళ్లంగోడు, బొంగరాలు మొదలైన ఆటల నియమాలను, వాటితో ముడిపడిన పాటలను, ప్రాంతీయ నామభేదాలను పరిశోధకులు శ్రద్ధగా సేకరించారు. 1990ల నాటి పట్టణ బాల్యంలో టెలివిజన్ ముందు ఆడిన ఆటలు మాత్రం ఈ సేకరణలోకి రాలేదు. ఇందుకు రెండు కారణాలు ఊహించవచ్చు. ఒకటి, ఆ ఆటల్లో తెలుగు మాట ఒక్కటీ లేదు. రెండు, అవి దిగుమతి సరుకు కనుక ‘మనవి’ కావన్న భావన. ఈ రెండో కారణం గట్టిగా నిలవదు. క్రికెట్టూ దిగుమతి అయినదే. ఆట ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నతో పాటు, వచ్చిన చోట అది ఏ రూపంలో ఆడబడిందన్న ప్రశ్న కూడా పరిశోధనార్హమైనదే.

ఈ పరిశీలనకు ‘నింటెండో వరల్డ్ కప్’ను ఎంచుకోవడానికి కారణం అది ఆ కాలపు ఫుట్‌బాల్ ఆటలన్నిటిలో ఉత్తమమైనది కావడం కాదు. అసలు ఫుట్‌బాల్‌కు దగ్గరగా ఉండడమే కొలమానమైతే, 1993 డిసెంబరులో సెగా మెగా డ్రైవ్ యంత్రంపై వచ్చిన ‘ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్’కే పెద్దపీట వేయాలి. కాని ఒక కృతి చేతులు మారే కొద్దీ కథను ఎలా పోగొట్టుకుంటుందో, నియమాలను మాత్రం ఎలా వదలకుండా మోస్తుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. తాళపత్ర ప్రతులను పోల్చి పరిష్కరించే సంప్రదాయంలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులకు ఇది పరిచితమైన సమస్యే. మారినది లేఖన సామగ్రి మాత్రమే.

2. మొదటి పాఠం: ఉడుకు నెత్తురు పాఠశాల

జపాన్ మూలం పేరు ‘నెక్కెట్సు కోకో డాడ్జ్‌బాల్ బు: సాకర్ హెన్’. టెక్నోస్ జపాన్ సంస్థ దీనిని నింటెండో వారి ఫ్యామికామ్ యంత్రం కోసం రూపొందించింది. ‘నెక్కెట్సు’ అంటే ఉడుకు నెత్తురు. ‘కోకో’ ఉన్నత పాఠశాల, ‘బు’ విద్యార్థి సంఘం, ‘హెన్’ ప్రకరణం. ‘ఉడుకు నెత్తురు ఉన్నత పాఠశాల డాడ్జ్‌బాల్ సంఘం: సాకర్ ప్రకరణం’ అన్నది దగ్గరి తెలుగు. ఫుట్‌బాల్ ఆట పేరులో డాడ్జ్‌బాల్ సంఘం ఎందుకుందన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. దానికి సమాధానమే కథ. పాఠశాల సాకర్ జట్టు సభ్యులు అస్వస్థులై ఆడలేని స్థితిలో పడతారు. ఆ జట్టు నిర్వాహకురాలైన మిసాకో అనే విద్యార్థిని డాడ్జ్‌బాల్ సంఘాన్ని ఆశ్రయిస్తుంది. సంఘ నాయకుడు కునియో తన వాళ్లను వెంటబెట్టుకుని రంగంలోకి దిగి, ఇతర పాఠశాలల జట్లను వరుసగా ఎదుర్కొంటాడు.

కునియో పాత్రకు అప్పటికే చరిత్ర ఉంది. 1986లో వచ్చిన ‘నెక్కెట్సు కోహా కునియో-కున్’ అనే ఆర్కేడ్ ఆటలో అతడు తొలిసారి కనిపించాడు. ఆ ఆటను రూపొందించిన యోషిహిసా కిషిమోతో తన పాఠశాల రోజుల్లోని తగాదాల అనుభవం నుంచి ఆ పాత్రను మలిచాడు. పేరును మాత్రం సంస్థ అధ్యక్షుడు కునియో తాకి నుంచి తీసుకున్నాడు. తోటి విద్యార్థికి అన్యాయం జరిగితే ఒంటరిగా వెళ్లి తలపడే మొరటు, మంచి కుర్రవాడు కునియో. తర్వాత అతడు ఒకరినొకరు బంతితో కొట్టుకునే డాడ్జ్‌బాల్ ఆటకు వచ్చాడు, అక్కడి నుంచి సాకర్‌కు వచ్చాడు. ఒకే నాయకుడు వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు సాహసాలు చేసే కథాచక్ర నిర్మాణం ఇది. మర్యాదరామన్న కథలు, తెనాలి రామకృష్ణ కథలు చదివిన వారికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఒక్కొక్క కథ విడిగా నిలుస్తుంది, కాని నాయకుని స్వభావం ముందే తెలిసి ఉంటేనే పూర్తిగా పండుతుంది.

ఆట నియమాలు ఈ స్వభావం నుంచే పుట్టాయి. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ఫౌల్ లేదు, ఆఫ్‌సైడ్ లేదు. ప్రత్యర్థిని గుద్ది పడవేయవచ్చు. పదే పదే దెబ్బతిన్న ఆటగాడు మైదానంలోనే పడిపోయి, ఆ అర్ధభాగం ముగిసే వరకు లేవడు. పరిమిత సంఖ్యలో ‘సూపర్ షాట్లు’ ఉంటాయి. అవి తగిలితే అడ్డువచ్చిన వాళ్లు ఎగిరిపడతారు. ఫుట్‌బాల్ నియమావళితో పోల్చినప్పుడు ఇది అరాచకంగా కనిపిస్తుంది. కాని ఆడుతున్నది తగాదాకోరు కుర్రవాళ్ల డాడ్జ్‌బాల్ సంఘమని తెలిసిన వారికి ఇందులో అనౌచిత్యం ఏమీ కనిపించదు. పాత్రౌచిత్యం నియమంగా మారిందని చెప్పవచ్చు.

ఇంతకంటే సూక్ష్మమైన అంశం మరొకటి ఉంది. ఈ ఆటలో ఆడేవారి చేతిలో ఉండేది ఒక్క ఆటగాడే. మిగిలిన వారికి ‘పాస్ ఇవ్వు’, ‘గోల్ కొట్టు’ అని ఆజ్ఞ ఇవ్వవచ్చునే గాని, వారి కాళ్లను నేరుగా కదిలించలేరు. ‘ఫిఫా’ వంటి ఆటల్లో బంతి ఎవరి దగ్గరికి వెళితే అధికారం వారి దగ్గరికి మారుతుంది. ఆడేవారు జట్టంతటా వ్యాపించిన సర్వాంతర్యామి. కథన శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ‘ఫిఫా’ది సర్వసాక్షి దృక్కోణం, కునియో ఆటది ఉత్తమ పురుష దృక్కోణం. నాయకునిగా ఆజ్ఞాపించినా మిత్రులు తప్పు చేయవచ్చు, బంతి జారవిడవచ్చు. ఆ అసహాయత ఈ ఆటకు ప్రత్యేకమైన రుచినిచ్చింది.

3. యంత్రం విధించిన ఛందస్సు

జట్టుకు ఆరుగురే ఎందుకు అన్న ప్రశ్నకు కథలో సమాధానం లేదు, యంత్రంలో ఉంది. 1983 జూలై 15న జపాన్‌లో విడుదలైన ఫ్యామికామ్, 1985 నుంచి అమెరికాలో అమ్ముడైన దాని రూపాంతరం నెస్, రెండూ 8-బిట్ యంత్రాలు. ప్రాసెసర్ వేగం సెకనుకు దాదాపు 17 లక్షల 90 వేల ఆవృత్తులు. పని చేసుకోవడానికి యంత్రంలో ఉన్న జ్ఞాపక స్థలం 2 కిలోబైట్లు. ఈ వ్యాసంలోని ఒక పేరాను యూనికోడ్ తెలుగులో భద్రపరచడానికి కూడా ఆ స్థలం చాలదు.

తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240 చుక్కలు. కదిలే బొమ్మలను ‘స్ప్రైట్’ అనే చిన్న ముక్కలతో కూర్చుతారు. ఒక్కొక్క ముక్క వెడల్పు 8 చుక్కలు. తెర మొత్తం మీద ఒకేసారి 64 ముక్కలను మాత్రమే చూపగలరు. అంతకంటే కఠినమైన నియమం మరొకటి: ఏ ఒక్క అడ్డగీత మీదనైనా 8 ముక్కలకు మించి కనిపించవు. ఒక ఆటగాని బొమ్మ 16 చుక్కల వెడల్పు ఉంటే అందుకు రెండు ముక్కలు కావాలి. నలుగురు ఆటగాళ్లు ఒకే వరుసలో నిలబడేసరికి ఎనిమిది ముక్కలూ అయిపోయాయి. అయిదోవాడు వచ్చినా, బంతి వచ్చినా ఏదో ఒకటి మాయం కావలసిందే. ఆ మాయాన్ని సర్దడానికి ప్రోగ్రామర్లు ముక్కల వరుసను ప్రతి చిత్రానికీ మార్చుతుంటారు. అప్పుడు ఒక్కడే శాశ్వతంగా అదృశ్యం కాకుండా, అందరూ వంతులవారీగా మిణుకుమంటారు. ఆ కాలపు ఆటల్లో రద్దీ పెరిగినప్పుడు బొమ్మలు మిణుకుమనడానికి కారణం ఇదే. యంత్రం పాడైందని అనుకోవడం పొరపాటు. పదకొండు మంది చొప్పున ఇరవై ఇద్దరిని దించి ఉంటే ఈ మిణుకు భరించరానిది అయ్యేది.

గణ యతి ప్రాసల కట్టడి కవి పదాల ఎంపికను శాసించినట్లే ఈ అంకెలు ఆట రూపాన్ని శాసించాయి. నిర్మాతలు ఈ కట్టడిని ఏ దిశగా మలచుకున్నారన్నదే ఆసక్తికరం. అదే యంత్రంపై టెక్మో సంస్థ 1988లో తెచ్చిన ‘కెప్టెన్ త్సుబాసా’ మరో దారి పట్టింది. యోయిచి తకహాషి 1981లో ప్రారంభించిన ప్రసిద్ధ బొమ్మల కథ దానికి ఆధారం. అందులో మైదానమంతటినీ కదిలించి చూపడానికి బదులు, కీలక ఘట్టం రాగానే ఆట ఆగి, ఆటగాని పెద్ద బొమ్మ తెరపైకి వచ్చి, ‘పాస్ ఇవ్వాలా, గోల్ కొట్టాలా’ అని అడుగుతుంది. ఒకటి వేగాన్ని నిలుపుకొని సంఖ్యను తగ్గించింది, రెండోది జట్టును నిలుపుకొని వేగాన్ని వదిలింది.

కంట్రోలర్‌కు ఉన్న మీటలూ ఇలాంటి కట్టడే. దిశల మీట కాక చర్యకు రెండే మీటలు: ఏ, బీ. బంతి తన దగ్గర ఉన్నప్పుడు ఒక అర్థం, మిత్రుని దగ్గర ఉన్నప్పుడు ఆజ్ఞ, ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు దాడి. సందర్భాన్ని బట్టి అర్థం మారే నానార్థ పదాల వలె ఈ రెండు మీటలు పనిచేస్తాయి.

4. రెండో పాఠం: పాఠశాలలు దేశాలైన వైనం

1990 డిసెంబరులో అమెరికాలో ఈ ఆటను నింటెండోయే ప్రచురించింది. కునియో, మిసాకో, అస్వస్థులైన జట్టు, పొరుగు పాఠశాలలు అన్నీ తొలగిపోయాయి. వాటి స్థానంలో 13 దేశాల జట్లు వచ్చాయి: అర్జెంటీనా, బ్రెజిల్, కామెరూన్, ఇంగ్లండ్, ఫ్రాన్స్, హాలండ్, ఇటలీ, జపాన్, మెక్సికో, సోవియట్ యూనియన్, స్పెయిన్, అమెరికా, పశ్చిమ జర్మనీ. అదే సంవత్సరం జూన్-జూలైలలో ఇటలీలో జరిగిన ప్రపంచ కప్ వేడి ఇంకా చల్లారలేదు. పేరు మార్పుకు ఆ సందర్భం ఎంత తోడ్పడిందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఈ పట్టికను ఆ ప్రపంచ కప్‌తో సరిపోల్చితే కొన్ని విశేషాలు తెలుస్తాయి. 13లో 10 దేశాలు నిజంగా ఇటలీలో ఆడాయి. ఫ్రాన్స్ అర్హత పొందలేదు. మెక్సికో వయసు మీరిన ఆటగాళ్లను యువజన పోటీల్లో దింపినందుకు నిషేధానికి గురై ఉంది. జపాన్ ప్రపంచ కప్‌లో తొలిసారి ఆడడానికి 1998 వరకు ఆగవలసి వచ్చింది. కామెరూన్ ఎంపిక మాత్రం ఆ ఏడాది స్ఫూర్తికి సరిగ్గా తగినది. 1990 జూన్ 8న మిలాన్‌లో జరిగిన ప్రారంభ మ్యాచ్‌లో ఆ జట్టు అర్జెంటీనాను 1-0తో ఓడించింది, తర్వాత క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా నిలిచింది.

ఇంకా విచిత్రం, ఆట అంగళ్లకు చేరేసరికి అందులోని ఒక దేశం లేదు. జులై 8న రోమ్‌లో కప్ గెలిచిన పశ్చిమ జర్మనీ, 1990 అక్టోబరు 3న ఏకీకరణతో ఆ పేరున అంతరించింది. మరో ఏడాదికి సోవియట్ యూనియన్ కూడా రద్దయింది. కాగితంపై అచ్చయిన పటాన్ని మరుసటి ముద్రణలో సవరించవచ్చు. చిప్‌లో అచ్చయిన పట్టికను సవరించడం ఉండదు. 1990ల మధ్యలో ఈ ఆట ఆడిన పిల్లవాడు తన భూగోళ పాఠ్యపుస్తకంలో లేని రెండు దేశాల జట్లతో తలపడ్డాడు.

అనువాద దృష్టితో చూస్తే అసలు చిక్కు ఇక్కడ ఉంది. కథ మారింది, నియమాలు మారలేదు. ఫౌల్ లేకపోవడం, ప్రత్యర్థిని గుద్దడం, పడిపోయినవాడు లేవకపోవడం అలాగే ఉన్నాయి. పెద్ద తల, పొట్టి కాళ్ల కుర్రవాళ్ల ఆకృతులూ అలాగే ఉన్నాయి. మొదటి పాఠంలో వీటికి హేతువు కునియో స్వభావం. రెండో పాఠంలో హేతువు తొలగి కార్యం మాత్రం మిగిలింది. ఫలితంగా జాతీయ జట్లు మైదానంలో కారణం లేకుండా ఒకరినొకరు కొట్టుకునే వింత దృశ్యం ఏర్పడింది. జట్టు మారే కొద్దీ మైదానం మట్టిగా, ఇసుకగా, కాంక్రీటుగా, మంచుగా మారుతుంది. పాఠశాల ఆవరణల కథలో ఇది నవ్వు తెప్పించే అతిశయోక్తి. ప్రపంచ కప్ కాంక్రీటు మీద ఎందుకు జరుగుతుందో రెండో పాఠం చెప్పలేదు.

దీనిని అనువాద లోపంగా మాత్రమే కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. ‘కెప్టెన్ త్సుబాసా’ అమెరికాకు ‘టెక్మో కప్ సాకర్ గేమ్’గా వెళ్లినప్పుడు నాయకుడు త్సుబాసా, రాబిన్ ఫీల్డ్ అనే పేరు గల కుర్రవాడయ్యాడు. అక్కడ కథను నిలిపి పేర్లను మార్చారు. ఇక్కడ కథనే తీసివేశారు. మొదటిది రూపాంతరీకరణ అయితే, రెండోది దాదాపు పునఃకల్పన. తెలుగు విమర్శకు పరిచితమైన ‘స్వేచ్ఛానువాదం’ అనే మాట ఈ రెంటినీ కలిపి చెప్పడానికి చాలదు. ఎందుకంటే వీడియో గేమ్‌లో భాషా పాఠంతో పాటు నియమ పాఠం అనే మరో పొర ఉంటుంది. అనువాదకులు మొదటి పొరను మాత్రమే తాకగలిగారు.

పట్టికలో భారతదేశం లేదన్నది చెప్పనవసరం లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1954 వరకు రోవర్స్ కప్‌ను వరుసగా అయిదు సార్లు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ చరిత్ర 1990 నాటికి జ్ఞాపకంగా మిగిలింది. రాయలసీమలో ఫుట్‌బాల్‌కు ఆ మాత్రం పూర్వ వైభవం కూడా లేదు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడా గ్రామం చేసిన కృషి ఆ తర్వాతి కాలానిది. ఉమ్మడి చిత్తూరు జిల్లా వీధుల్లో నాడు ఏలినది క్రికెట్టే. ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఇక్కడికి వచ్చినప్పుడు దానిని అసలు ఆటతో పోల్చి తప్పు పట్టగల ప్రేక్షకులు తక్కువ.

5. మూడో పాఠం: క్యాసెట్

భారతదేశంలో ఆ కాలపు అసలు యంత్రాలు సామాన్యులకు అందుబాటులో లేవు. సెగా మెగా డ్రైవ్‌ను 1995 ఏప్రిల్‌లో షా వాలెస్ సంస్థ పంపిణీకి తీసుకున్నది. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడం ఆ ఒప్పందపు ఉద్దేశాల్లో ఒకటి. అయినా ధర 18,000 రూపాయలు పలికింది. ఆ ధర మధ్యతరగతి ఇంటికి అందనిది. మార్కెట్టును నింపినవి ‘లిటిల్ మాస్టర్’, ‘మీడియా’ వంటి పేర్లతో అమ్ముడైన ఫ్యామికామ్ అనుకరణ యంత్రాలు. ఆంధ్రదేశపు ఇతర పట్టణాల్లో వలెనే తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోనూ ఇవి కొన్ని ఇళ్లకు, గంట లెక్కన ఆడించే దుకాణాలకు చేరాయి. మద్రాసు మార్కెట్టుకు రైలు, బస్సు దూరంలో ఉండడం ఈ సరిహద్దు జిల్లాకు కలిసివచ్చిన అంశం.

ఈ యంత్రాల క్యాసెట్ గురించి ఒక సాంకేతిక వివరం అవసరం. జపాన్ ఫ్యామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులు, అమెరికా నెస్ క్యాసెట్‌కు 72 పిన్నులు. నెస్‌లో అనుమతి లేని క్యాసెట్లను అడ్డుకునే తాళం చిప్ ఉంటుంది, ఫ్యామికామ్‌లో అది లేదు. అనుకరణ యంత్రాలు 60 పిన్నుల పద్ధతినే అనుసరించాయి. దీని పర్యవసానం పాఠ పరిష్కర్తకు ముఖ్యమైనది. 60 పిన్నుల క్యాసెట్‌లో జపాన్ పాఠాన్నీ నింపవచ్చు, అమెరికా పాఠాన్నీ నింపవచ్చు. పై అట్టను చూసి లోపలి పాఠాన్ని నిర్ణయించలేము. ఒకే క్యాసెట్‌లో పదుల కొద్దీ ఆటలను కలిపి, పట్టికలో సంఖ్యను వేలల్లో చూపిన సంకలనాల్లో ఆటల పేర్లు మారిపోయేవి. అదే సంస్థ 1993లో జపాన్‌లో తెచ్చిన తరువాయి ఆట ‘కునియో-కున్ నో నెక్కెట్సు సాకర్ లీగ్’ అనుకరణ క్యాసెట్లలో ‘గోల్ 3’ అనే పేరుతో తిరిగింది. కర్తృత్వం, శీర్షిక, కాలం మూడూ చెరిగిపోయిన స్థితి ఇది. చాటు పద్యాల అధ్యయనం చేసిన వారికి ఈ స్థితి బాగా తెలిసినదే.

మూడో పాఠంలో మార్పులు కేవలం పేరుకు పరిమితం కాలేదు. మొదటి మార్పు కాలగమనంలో వచ్చింది. జపాన్, అమెరికా టెలివిజన్లు సెకనుకు 60 సార్లు తెరను గీస్తే, భారతదేశం అనుసరించిన పాల్ పద్ధతిలో అది 50 సార్లు. ఫ్యామికామ్ ఆటల్లో చాలావరకు కాలాన్ని తెర గీతల లెక్కతోనే కొలుస్తాయి. అలాంటి ఆటను మార్పు లేకుండా ఇక్కడ నడిపితే ఆటలోని ఒక నిమిషం 72 సెకన్లవుతుంది. పరుగు, బంతి గమనం అన్నీ ఆరో వంతు నెమ్మదిస్తాయి. పాల్ కోసం తయారైన అనుకరణ చిప్‌లలో ప్రాసెసర్ వేగం మాత్రం మూలానికి చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల సంగీతం శ్రుతి దాదాపు మారదు, లయ మాత్రం విలంబిస్తుంది. ఇక్కడ ఆడినవారి చెవిలో మిగిలిన పాట జపాన్ పిల్లలు విన్న పాట కాదు. రెండూ పక్కపక్కన వినే అవకాశం వచ్చే వరకు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

రెండో మార్పు రంగులది. యంత్రం నుంచి వచ్చే సంకేతాన్ని టీవీ యాంటెన్నా రంధ్రానికి కలిపి, ఏదో ఒక ఛానెల్ మీద పట్టుకునేవారు. 1990లలో అనేక ఇళ్లలో ఉన్నది నలుపు తెలుపు టీవీ. ఫ్యామికామ్ రంగులు నాలుగు వెలుగు స్థాయిల్లో అమరి ఉంటాయి. ఒకే స్థాయికి చెందిన ఎరుపు, నీలం నలుపు తెలుపు తెరపై దాదాపు ఒకే బూడిద రంగుగా కనిపిస్తాయి. దేశాల జట్లను వేరుచేసే ప్రధాన గుర్తు చొక్కా రంగే కనుక, రెండో పాఠం కష్టపడి నిర్మించిన ‘దేశం’ అనే భావన ఈ తెరపై మళ్లీ కరిగిపోతుంది. మిగిలేది ముదురు జట్టు, లేత జట్టు. ఇది నష్టమా అంటే చెప్పడం కష్టం. వీధిలో రెండు జట్లుగా విడిపోయే ఆటలకు అది బహుశా దగ్గరి రూపం.

మూడో మార్పు వివరణ పుస్తకం లేకపోవడం. జపాన్‌లో కథను, అమెరికాలో మీటల వినియోగాన్ని చెప్పిన ముద్రిత పుస్తకం అనుకరణ క్యాసెట్‌తో రాలేదు. సూపర్ షాట్ ఎలా కొట్టాలో, ఆజ్ఞలు ఎలా ఇవ్వాలో ఒకరి నుంచి మరొకరు చూసి, విని నేర్చుకున్నారు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలకూ తెరపై దొరికిన సమాచారం స్వల్పమే. నియమాల జ్ఞానం మౌఖికంగా ప్రసరించింది. బిళ్లంగోడు నియమాలు వీధి వీధికీ మారడానికి కారణమైన మౌఖిక ప్రసరణే ఇక్కడా పనిచేసింది.

ఈ ప్రసరణ భాషలో తన గుర్తులు వదిలింది. కార్ట్రిడ్జ్ అనే మాట తెలుగు నోట నిలవలేదు. పాటల క్యాసెట్, వీడియో క్యాసెట్ అప్పటికే ఇంట్లో ఉన్నాయి కనుక, యంత్రంలో దోపి తీసే ప్లాస్టిక్ డబ్బా కూడా ‘క్యాసెట్’ అయింది. అర్థ విస్తరణకు ఇది చక్కని ఉదాహరణ: లోపల టేపు లేదు, తిరిగే చక్రం లేదు, ఆకారసామ్యమూ దోపే పద్ధతీ మాత్రమే ఉన్నాయి. తెరపై పాత్ర చనిపోతే ‘అవుట్’ అనడం క్రికెట్ నుంచి వచ్చింది. ‘లైఫులు’, ‘స్టేజీలు’ తెలుగు బహువచన ప్రత్యయాన్ని తొడుక్కున్నాయి. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఈ జిల్లాలో ఈ మాటలు ఒక భాష నుంచి మరో భాషకు ఎలా దాటాయో పరిశీలించడానికి కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి వేదిక ఉండడం అనుకూలమైన విషయం.

6. పరిరక్షణ సమస్య

మొదటి రెండు పాఠాలకు ముప్పు లేదు. జపాన్, అమెరికా ప్రతులను సేకర్తలు భద్రపరిచారు, వాటిలోని సమాచారాన్ని చిప్‌ల నుంచి యథాతథంగా నమోదు చేశారు. ముప్పు ఉన్నది మూడో పాఠానికే. అసలు క్యాసెట్లలో ఉండే మాస్క్ రామ్ చిప్‌లో సమాచారం తయారీ సమయంలోనే శాశ్వతంగా అచ్చవుతుంది. అనుకరణ క్యాసెట్లు కొన్నింటిలో వాడిన ఈప్రామ్ చిప్‌లు వేరు రకానివి. వాటిలో సమాచారం విద్యుదావేశ రూపంలో నిలిచి ఉంటుంది, దశాబ్దాల కాలంలో ఆ ఆవేశం క్రమంగా కారిపోతుంది. అక్షరం చెరిగిన తాళపత్రానికీ దీనికీ తేడా ఏమిటంటే, తాళపత్రం మీద చెరిగిన చోటు కంటికి తెలుస్తుంది.

తిరుపతిలో ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర ప్రతుల భాండారం ఉంది. తిరుమల ఆలయ సంకీర్తన భాండాగారం నుంచి వెలువడిన తాళ్లపాక రాగిరేకులు శతాబ్దాల తర్వాత కూడా చదవడానికి వీలైనవి, ఎందుకంటే లోహం మీద లిపి కంటికి నేరుగా కనిపిస్తుంది. క్యాసెట్ చదవడానికి కన్ను చాలదు. యంత్రం కావాలి, యంత్రానికి తగిన తెర కావాలి. పాత గాజు తెరల్లో పైన వివరించిన మిణుకు కొంత మెత్తగా కనిపించేది. పలుచని తెరలపై అదే మిణుకు మొరటుగా కనిపిస్తుంది. ఏర్పేడు మండలం వికృతమాల వద్ద టీసీఎల్ సంస్థ ఆ పలుచని తెరల కర్మాగారాన్నే నెలకొల్పింది. తెరల తయారీకి పేరు తెచ్చుకుంటున్న ప్రాంతంలో పాత తెర మీద ఆడిన ఆట ఎలా ఉండేదో చూపించగల గాజు టీవీలు పాత సామాన్ల బండ్లలో వెళ్లిపోతున్నాయి.

నమోదు పద్ధతి కొత్తగా కనిపెట్టవలసినది కాదు. దొరికిన ప్రతి క్యాసెట్‌కు పై అట్ట ఛాయాచిత్రం, లోపలి బోర్డు ఛాయాచిత్రం, చిప్ రకం నమోదు చేయాలి. చిప్‌లోని సమాచారాన్ని రీడర్ పరికరంతో తీసి, ప్రసిద్ధ జపాన్, అమెరికా ప్రతులతో బైటు బైటు చొప్పున సరిపోల్చితే అది ఏ శాఖకు చెందిన ప్రతియో, ఎక్కడ శీర్షిక మార్చారో, ఎక్కడ ప్రచురణకర్త పేరు తొలగించారో తేలుతుంది. ప్రతుల వంశవృక్షం గీయడానికి అవసరమైన ఆధారం అదే. కాపీహక్కు ఇంకా అమలులో ఉన్న కృతులు కనుక, తీసిన సమాచారాన్ని బహిరంగంగా పంచకుండా పోలిక ఫలితాలను మాత్రమే ప్రచురించడం ఉచితం.

రెండో భాగం క్షేత్ర పర్యటనది, ఇది మరింత అత్యవసరం. 1990లలో పదేళ్ల వయసున్న వారు నేడు నలభైలలో ఉన్నారు. నాడు దుకాణాలు నడిపినవారు అంతకంటే పెద్దవారు. వారిని ప్రశ్నించేటప్పుడు ఆట పేరు అడిగితే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే పేరు ఏ క్యాసెట్‌లో ఏదిగా ఉన్నదో ఎవరికీ నిలకడగా తెలియదు. ఏ దేశం జట్టు తీసుకునేవారని అడగడం కూడా నలుపు తెలుపు టీవీ ఉన్న ఇంటి వారికి వర్తించదు. కొట్టుకుంటే ఫౌల్ ఉండేదా, పడిపోయినవాడు మళ్లీ లేచేవాడా, ఎంతమందిని ఒకేసారి కదిలించగలిగేవారు, నేల మంచులా జారేదా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులతోనే అది ఏ ఆటయో, ఏ పాఠమో గుర్తించవచ్చు. సూపర్ షాట్‌ను ఆ వీధిలో ఏమని పిలిచేవారన్నది చివరిగా అడగవలసిన ప్రశ్న.